గొళ్ళెం

ఇరవయ్యొక్క రోజులకొక్కసారి
కొత్తవాడ నుంచి ఆటో.
చేతికి సూది, సీసాల ఎర్రమందు,
అచ్చం గులాబి షర్బత్ రంగు.
ఇగ ఈ జన్మల షర్బత్ తాగబుద్ధి కాదు నాకు.

మూడో సూది నాడు డాక్టర్ నుస్రత్
తలుపు దగ్గరికేసి అడిగింది:
"ఇంట్ల ఏం వాడుతున్నరు?"
సబ్బు సంగతేమో అనుకున్న.
"బట్టలకా, ఒంటికా?" అన్న.
ఆమె ముందుగాల నవ్వలే. తర్వాత ఆపుకోలేదు.
ఇద్దరం నవ్వినం.
గుండు మీది స్కార్ఫు జారి ఒళ్లె పడ్డది.

ఇన్నొద్దులల్ల ఎవలడిగిన్రు ఆ మాట?
గడ్డ ఎన్ని సెంటీమీటర్లు,
కార్డుల పేరు సరిగ్గున్నదా,
పుస్తెలతాడు ఎంతకు కుదువబెట్టిన్రు,
అన్నీ అడిగిన్రు.
రాత్రి దీపమార్పినంక
నేను సుత ఒక ఆలినని
ఎవలికీ యాదికి రాలే.

అత్త అంటది: "నెలే వస్తలేదాయె, ఇంకేం భయం?"
డాక్టరమ్మ అంటది:
"నెల ఆగిందని అండం ఆగినట్టు కాదు.
మగ్గం చప్పుడు లేదని
నేతగాడు ఇంట్ల లేడనుకుంటవా?"
మా వాడ మాట ఆమెకెట్ల తెలిసిందో!
ఈ మందు నడుస్తుండంగ కడుపైతే
లోపల పడే పిండానికి గండం,
నా వైద్యానికి అడ్డం.

ఆశా కౌసల్యక్క ఇచ్చిన గోలీలు
బియ్యం డబ్బ ఎనుక రెండు పట్టీలున్నయి.
నిత్య పుట్టినంక నాలుగేండ్లు అవే కాపాడినయి.
"అవి ఇగ వద్దు, మూడ్నెల్ల సూదీ వద్దు.
నీది హార్మోన్లను తిని పెరిగే గడ్డ."
"అయితే అవే తెచ్చినయా దీన్ని?"
గొంతు నాది కానట్టు వచ్చింది.
"అట్ల తవ్వుకోకు. ఎందుకొచ్చిందో ఎవలు చెప్తరు?
ఇప్పటిసంది వద్దు. గంతే."

"ఆపరేషన్ చేయించుకో, పీడ పోతది" అత్త.
మార్కండ కండె చుట్టుకుంటనే, తలెత్తకుండ,
"నేను చేయించుకుంట" అన్నడు.
"జంపఖానలు నేసే రెక్కలు! బలం పోతే?"
అత్త గొంతు నాలుగిండ్లు దాటింది.

నేను ఇద్దరి దిక్కూ చూసిన.
ముప్పయ్యొక్కేండ్లు నాకు.
ఒక రొమ్ము ఇచ్చి వచ్చిన.
ఇంకో బిడ్డ కావాల్నో వద్దో తెల్వదు.
ఆ తెల్వకపోవుడన్న
నాకు మిగలొద్దా?
గోడ వద్దు నాకు.
గొళ్ళెం కావాలె.
లోపలి దిక్కు ఉండేది,
నేను పెట్టుమంటె పెట్టేది,
నేను తీయుమంటె తీసేది.

డాక్టరమ్మ నా చీటి ఎనుక బొమ్మ గీసింది:
రాగి తీగ చుట్టిన చిన్న కొక్కెం,
కింద రెండు పోగులు.
పోగులను చూసి భయపడేదాన్నా,
సాలోల్ల ఇంటిదాన్ని.
"ఇప్పుడే కాదు. తెల్లకణాలు తక్కువున్నయి,
లెక్క పెరగనియ్యి. అందాంక నిరోధ్."

మా గల్లీ మందుల దుకాణపోడు
మార్కండకు మేనత్త కొడుకు.
అందుకని కాజీపేట దాక పోయిండు బండి మీద.
ఉత్తగ అదే అడగలేక
దగ్గుమందు సుత కొనుక్కొచ్చిండు,
ఇంట్ల ఎవలికీ లేని దగ్గుకు.

ఎర్రమందు ఒడిసినంక, లెక్క పెరిగినంక,
ఒక మంగళారం పొద్దుగాల పెట్టిన్రు రాగిని.
చిటికెడు సేపు నడుము పట్టేసినట్టైంది.
నిత్య బయట బెంచీ మీద
బిస్కెట్ పుడ నాకుతున్నది.
ఇగ అయిదేండ్ల గోలీ ఒకటి మొదలైంది,
దినామొకటి, గడ్డ మళ్ల రాకుండ.
నడుమల ఏమన్న అనిపిస్తే
వచ్చి మాట్లాడుమన్నది డాక్టరమ్మ.
అనిపిస్తదో లేదో.

కౌసల్యక్కకు పట్టీలు వాపసిచ్చిన.
ఆమె తారీఖు చూసి సంచిల ఏసుకున్నది,
ఏమడగలే, చెయ్యి మాత్రం జెరసేపు ఇడువలే.

ఆ రాత్రి మార్కండ
కొత్తగ మొలుస్తున్న నా ఎంటికల మీద చెయ్యేసి
"నొస్తున్నదా?" అన్నడు.
లేదన్న.
చాన్నాళ్లకు ఆ మాట అబద్ధం కాలే.

అర్రల అల్మార మీద దగ్గుమందు సీస
ఇంకా మూత తియ్యకుండనే ఉన్నది.